మ్యూజిక్ ప్లేయర్‌ను స్టీరియోకు కలపడానికి ఏ సాకెట్ సరైనది?

ప్రశ్న: నా పాత పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి కేబుల్ తీసి, ఇంట్లోని స్టీరియో యాంప్లిఫయర్ వెనుక ఖాళీగా ఉన్న ఫోనో సాకెట్లకు కలిపాను. పాట పగిలినట్లు, మొద్దుగా వినిపిస్తోంది. ఛార్జర్ పెడితే గుయ్‌మనే శబ్దం కూడా వస్తోంది. ప్లేయర్ పాడైందా? బ్లూటూత్‌కు మారడం మంచిదా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ప్లేయర్ బాగానే ఉంది, కేబుల్ పెట్టిన చోటే సరైనది కాదు. ఫోనో ఇన్‌పుట్ కేవలం టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కోసం ఉద్దేశించినది. రికార్డు మీది ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే కాబట్టి, ఆ ఇన్‌పుట్‌లోని సర్క్యూట్ దాన్ని సుమారు 100 రెట్లు పెంచుతుంది. పైగా, రికార్డు తయారీలో బేస్‌ను (మంద్ర ధ్వనులను) తగ్గించి ట్రెబుల్‌ను (తార ధ్వనులను) పెంచుతారు గనుక, 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం ఈ సర్క్యూట్ దానికి సరిగ్గా వ్యతిరేకంగా బేస్‌ను పెంచి ట్రెబుల్‌ను తగ్గిస్తుంది. ప్లేయర్ నుంచి వందల మిల్లీవోల్టుల సిగ్నల్ అందులోకి వెళ్లినప్పుడు పాట పగలడం, మొద్దుబారడం రెండూ సహజమే.

యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి, కేబుల్‌ను ఆక్స్ (AUX, ఇతర పరికరాలను కలిపే ఇన్‌పుట్) సాకెట్లకు మార్చండి. ఆక్స్ లేకపోతే సీడీ, ట్యూనర్ అని రాసి ఉన్నవి కూడా ఇందుకు సమానంగా పనికొస్తాయి. టేప్ దగ్గర మాత్రం రెండు జతలుంటాయి. వాటిలో ప్లే లేదా ఇన్ అని ఉన్నదే మీకు కావలసింది, రెక్ లేదా అవుట్ అని ఉన్నది కాదు. కేబుల్‌కు ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో ప్లగ్, మరోవైపు రెండు ఆర్‌సీఏ ప్లగ్‌లు (యాంప్లిఫయర్ వెనుక గుండ్రటి సాకెట్లలో పట్టేవి) ఉండాలి. ఎరుపు కుడి ఛానల్, తెలుపు ఎడమ ఛానల్. స్పీకర్ టెర్మినల్స్‌కు ప్లేయర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు, అక్కడి నుంచి వచ్చే శక్తి ప్లేయర్‌ను కాల్చివేయగలదు.

ఆ తరువాత ముఖ్యమైనది వాల్యూమ్. ప్లేయర్‌కు గానీ దాని డాక్‌కు (ప్లేయర్‌ను నిలబెట్టే స్టాండ్) గానీ లైన్ అవుట్ (యాంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే సాకెట్) ఉంటే దాన్నే వాడండి. ఆ సిగ్నల్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ గుండా వెళ్లదు, కాబట్టి మరింత స్వచ్ఛంగా ఉంటుంది. లేకపోతే ప్లేయర్ వాల్యూమ్‌ను ముప్పావు వంతు దాటించి, మిగిలిన సర్దుబాటంతా యాంప్లిఫయర్ మీదే చేయండి. ప్లేయర్‌లో మరీ తగ్గిస్తే యాంప్లిఫయర్‌ను ఎక్కువగా తిప్పాల్సి వచ్చి పాటతో పాటు బుస కూడా పెరుగుతుంది, మరీ పెంచితే కొన్ని ప్లేయర్లలో శబ్దం చెదురుతుంది. ఈక్వలైజర్‌ను, బేస్ బూస్ట్‌ను ఆపివేయండి. హెడ్‌ఫోన్లకు సరిపడేలా చేసుకున్న మార్పులు పెద్ద స్పీకర్లలో చాలా అతిగా వినిపిస్తాయి, చాలామంది ఈ సంగతిని గమనించరు.

గుయ్‌మనే శబ్దానికి బహుశా గ్రౌండ్ లూప్ కారణం, అంటే ఛార్జర్ ద్వారా ఒకటి, ఆడియో కేబుల్ ద్వారా మరొకటిగా రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి వలయంగా ఏర్పడటం. ఛార్జర్ తీసివేస్తే శబ్దం ఆగుతుందో లేదో చూడండి. ఆగితే పాటలు వినేటప్పుడు బ్యాటరీ మీదే నడపడం అన్నిటికన్నా తేలిక. తప్పనిసరిగా ఛార్జింగ్‌లో ఉంచాలంటే కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టవచ్చు. అయితే దానిలోని ట్రాన్స్‌ఫార్మర్లు నాసిరకమైతే బేస్ కొంత పోతుంది.

ఇక బ్లూటూత్ విషయానికొస్తే, మీ అవసరానికి వైరే మేలు. పాత ప్లేయర్‌లో బ్లూటూత్ లేకపోతే ప్లేయర్‌కు ట్రాన్స్‌మిటర్, యాంప్లిఫయర్‌కు రిసీవర్ రెండూ కావాలి, వాటిని ఛార్జ్ చేయడం మరో పని. పైగా పాట మరోసారి కంప్రెస్ అవుతుంది. గదిలో ఎక్కడ కూర్చున్నా చేతిలోనే ప్లేయర్ ఉంచుకొని పాట మార్చుకోవాలనే కోరిక ఉంటే తప్ప ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.