చెకోస్లోవేకియా విడిపోయినప్పుడు ఆస్తులు, కరెన్సీ ఎలా పంచుకున్నారు?

1992 నవంబరు 25న ఫెడరల్ అసెంబ్లీ, అంటే ఉమ్మడి దేశపు పార్లమెంటు, విభజన చట్టం చేసింది. రెఫరెండం పెట్టలేదు, చెక్ వైపు ప్రధాని వాక్లావ్ క్లౌస్, స్లోవాక్ వైపు ప్రధాని వ్లదిమీర్ మెచియార్ చర్చల్లో తేల్చుకున్నదే అది. ప్రజలను అడగకపోవడం పెద్ద లోపమే.

పంపకం సూత్రం తేలికే. భూములు, భవనాలు ఎక్కడున్నవి అక్కడి దేశానికే. సైనిక సామగ్రి లాంటి చరాస్తి 2:1. చెక్ వైపు జనాభా సుమారు కోటి, స్లోవాక్ వైపు అరకోటి కాబట్టి ఆ లెక్క.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. 1993 జనవరి 1న విడిపోయాక కూడా కొన్నాళ్లు ఒకే కరెన్సీ, కొరునా, వాడదామనుకున్నారు. స్లోవాక్ డబ్బు విలువ పడిపోతుందేమోనన్న భయంతో జనం పొదుపు సొమ్మును చెక్ బ్యాంకులకు తరలించారు. దాంతో ఫిబ్రవరి 8నే కరెన్సీ విడదీయాల్సి వచ్చింది. కొత్త నోట్లు అప్పటికి సిద్ధంగా లేవు. పాత నోట్ల మీదే ఎవరి స్టాంపు వాళ్లు అతికించుకుని నడిపారు. చెక్ వైపు 100, 500, 1000 నోట్లకు అలా చేశారు. చిల్లర నాణేలు కొన్ని నెలలు పాతవే చెల్లాయి. జనం భయం నిజమే అయింది: జూలైలో స్లోవాక్ కొరునా విలువ 10 శాతం తగ్గించారు.

కేంద్ర బ్యాంకుల బాకీలు, బంగారం తగాదా మాత్రం 2000 దాకా తెగలేదు.