కోట నించి వచ్చిన నగ ఎక్స్‌చేంజ్‌లో వేసేద్దామా అని అడిగినవాళ్లకి

మీ ముత్తాత వైద్యానికి సంతోషించి జమీందారు ఇచ్చిన రాళ్ల హారం అన్నారు, షాపువాడు ఎక్స్‌చేంజ్‌లో వేసేయమంటున్నాడు, మీ తమ్ముడేమో అమెరికా పట్టుకుపోతానంటున్నాడు, అంతే కదా. ముందు ఒక్క మాట, దాన్ని కడక్కండి. కుంకుడు పులుసులో అస్సలు వేయకండి.

మాది పర్లాకిమిడి. మా మామ్మ వాళ్లమ్మ మంత్రసాని. ఈ చుట్టుపక్కలే ఒక చిన్న జమీందారు ఇంట్లో బిడ్డ అడ్డం తిరిగితే రెండు రాత్రులు కన్ను మూయకుండా కూర్చుని పురుడు పోసిందట, అందుకు ఆ దొరగారు కెంపుల వంకీ ఇచ్చారని మా ఇంట్లో చెప్పుకుంటారు. జత కాదు, ఒక్కటే. రెండోది ఏదే అంటే "ఒక్క బిడ్డకి ఒక్కటి" అనేది మామ్మ.

మా చెల్లి పెళ్లికి మా అత్త దాన్ని మెరిపిద్దామని సలసలా కాగే కుంకుడు నీళ్లలో వేసి బ్రష్ పెట్టి రుద్దేసింది. పాత నగలు చాలావరకు బోలుగా ఉంటాయి, లోపల లక్క పోస్తారు, వేడి తగిలితే అది మెత్తబడిపోద్ది. పైగా రాయి వెనక అంతా మూసేసి ఉంటది కదా, లోపల పల్చటి రేకు పరుస్తారు రంగు ఎత్తి కనబడ్డానికి, నీళ్లు పోతే ఆ రేకు నల్లబడుద్ది. తీసి చూస్తే రెండు కెంపులు గిన్నె అడుగున ఉన్నాయి, ఇంకోటి ఎండిపోయిన దానిమ్మ గింజలాగ అయిపోయింది.

బరంపురంలో ఒక షాపుకి పట్టుకెళ్తే నాలుగు తులాల పైన తూగింది, ఆయన రాళ్లకింత, లక్కకింత, తరుగు కింద ఇంకొంత కొట్టేసి రెండున్నరకి తేల్చాడు. తులం అంటే పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో చాలామంది పదే అంటారు, అది కూడా అడిగి చూసుకోండి. కెంపులకి పైసా కట్టలేదు. ఆయన్ని అనడానికేం లేదు, కరిగించేవాడికి బంగారమే లెక్క. అందుకే వేయలేదు మేము.

రాళ్లని మాత్రం ల్యాబులో చూపించండి. ఎర్రగా ఉన్నదల్లా కెంపు కాదు, పాతవాటిల్లో స్పినెల్ అనే వేరే రాయి కూడా కెంపు పేరుతో చెలామణీ అయిపోయింది, 1900ల మొదట్లోనే ఫ్యాక్టరీ కెంపులు కూడా వచ్చేశాయి, రాజుగారి నగ అయినంత మాత్రాన అన్నీ గని రాళ్లే అని గుండె మీద చెయ్యేసుకుని కూర్చోకండి. మీ తమ్ముడికి కూడా చెప్పండి, వందేళ్లు దాటిన నగ అయితే 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తది, సూట్‌కేసులో పెట్టుకుని దేశం దాటించడం కుదరదు.

ఇంక రాజుగారే ఇచ్చారన్నదానికి రుజువు. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజు గజపతి మీద దండెత్తి వచ్చినప్పుడు (మా ఊరి రాజులూ గజపతులే, మాకు ఈ ముక్క కొంచెం గుచ్చుకుంటది) 1516లో సింహాచలం స్వామికి నగలిచ్చి, 991 ముత్యాల హారం అంటూ లెక్కతో సహా శాసనం వేయించాడు. ఐదొందల ఏళ్లయినా ఎవరూ కాదనలేరు. మన మంత్రసానులకీ వైద్యులకీ రాయి మీద ఎవరు చెక్కిస్తారండీ, అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఫోన్లో రికార్డ్ చేసుకోండి, ఆ నగ పెట్టుకున్న పాత ఫోటో ఉంటే వెతకండి, నగని ముందూ వెనకా ఫోటో తీసి బరువు రాసి పెట్టుకోండి. మా మామ్మది రికార్డ్ చేశాం, సగం ఆ కోటలో పెట్టిన భోజనం గురించే. దొరగారి పేరేంటే అంటే "దొరగారే" అంది, పేరు మాత్రం పలకలేదు.

ఊడిన రెండు రాళ్లూ అగ్గిపెట్టెలో దూది మధ్యన ఉన్నాయి, రేకు మార్చి మళ్లీ పొదిగే పాత పనివాడి కోసం చూస్తున్నాం. అత్త మాత్రం ఆ రోజు నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయంటది.