పాఠకుల ప్రశ్నలు: సంపులో కొలకర్ర

ప్రశ్న: మేము 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. అందరం కలిపి దాదాపు 200 మందిమి. 2024 వేసవిలో మా రెండు బోర్లూ ఎండిపోయినప్పటి నుంచి ట్యాంకర్లే దిక్కు. ఎండలు ముదిరితే రోజుకు అయిదు వస్తాయి, ఒక్కొక్కటి 12,000 లీటర్లది. ఆ ఖర్చును 64 వాటాలు వేసి సమానంగా పంచుతారు. నేను కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోస్తాను, ఫిల్టరు వదిలే నీళ్ళతో ఇల్లు తుడుస్తాను. పై అంతస్తువారు మాత్రం గొట్టం పెట్టి రెండు కార్లు కడుగుతారు. నేనొక్కదాన్నే పొదుపు చేసి ఏం ప్రయోజనం?
– ఒక పాఠకురాలు, మహదేవపుర, బెంగళూరు

జవాబు: 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. అయినా ఆ కాగితం పట్టుకుని పై అంతస్తువారి తలుపు తట్టమని నేను చెప్పను. ఎందుకంటే మీరు రాసిన అంకెలనే కూడి చూస్తే అసలు దొంగ కారు కాదని తేలుతుంది. అయిదు ట్యాంకర్లంటే రోజుకు 60,000 లీటర్లు, 200 మందికి పంచితే తలకు 300 లీటర్లు. నగరవాసికి రోజుకు 135 లీటర్లు చాలునని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన మీ అందరికీ 27,000 లీటర్లు సరిపోవాలి. తక్కిన 33,000 లీటర్లను రెండు కార్లు తాగలేవు. అంటే ఎక్కడో నీళ్ళు కారిపోతున్నాయి, లేదా మీరు డబ్బు కట్టినంత నీరు ట్యాంకరులో రావడం లేదు, లేదా రెండూ జరుగుతున్నాయి.

ట్యాంకరు సంగతి తేల్చడానికి ఒక కర్ర చాలు. మీ సంపు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉందనుకుంటే, 12,000 లీటర్లు పడ్డప్పుడు మట్టం దాదాపు 21 అంగుళాలు పెరగాలి. మోటారు ఆపించి, ట్యాంకరు రాకముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి పైనుంచే కర్ర ముంచి కొలవండి. కొలత కోసం సంపులోకి ఎవరినీ దింపవద్దు, గాలి ఆడని చోట మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. నీళ్ళు కారిపోతున్నాయో లేదో తేల్చడానికి అర్ధరాత్రి ఒంటిగంటకూ తెల్లవారుజామున నాలుగింటికీ మేడమీది ట్యాంకుల మట్టం చూడమని వాచ్‌మన్‌కు చెప్పండి. ఇల్లంతా నిద్రపోయే ఆ మూడు గంటల్లో కూడా మట్టం బాగా తగ్గితే, ఫ్లష్ ట్యాంకుల్లో వాషర్లు అరిగాయో, గొట్టాల కీళ్ళు వదులయ్యాయో వెతకాలి. మరుగుదొడ్డిలో సన్నగా జారే నీటికి చప్పుడు ఉండదు కాబట్టి అది నెలల తరబడి ఎవరి కంటా పడదు.

ఇక మీ అసలు ప్రశ్న. సమాన వాటాల పద్ధతి ఉన్నంత కాలం మీ పొదుపు ఫలితంలో 64వ వంతే మీకు దక్కుతుంది, పొరుగువారి దుబారా భారం కూడా వారికి 64వ వంతే తగులుతుంది. ఈ అమరికలో ఎవరికీ సిగ్గూ ఉండదు, లాభమూ ఉండదు. ప్రతి ఫ్లాటుకూ మీటరు పెట్టి వాడకాన్ని బట్టి వసూలు చేయడం దీనికి మందు. అయితే పాత భవనాల్లో ఒక్కో ఫ్లాటుకు నాలుగైదు గొట్టాలు దిగుతాయి కాబట్టి ఖర్చు ఎక్కువ, సంఘం సమావేశంలో అది మొదటిసారే నెగ్గుతుందనుకోవద్దు. అందుకే ముందుగా లిఫ్టు పక్కన ఒక పలక పెట్టించి, నిన్న ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, సంపు ఎన్ని అంగుళాలు పెరిగిందో, తలకు ఎన్ని లీటర్లు పడిందో రోజూ రాయించండి. పేర్లు మాత్రం రాయించవద్దు. పేరు రాస్తే గొడవ మొదలవుతుంది, అంకె రాస్తే అది ఏమిటని పిల్లలు అడుగుతారు, పిల్లలు అడిగితే పెద్దలు చూస్తారు. ఈ కొలత మీరొక్కరే తీస్తే అనుమానిస్తారు కాబట్టి ప్రతి అంతస్తు నుంచి ఒకరు వంతులవారీగా రావాలి. వీలైతే మొదటి వంతు ఆ కార్లవారికే ఇవ్వండి!

వాన గురించి మీరు అడగలేదు గానీ, సమావేశంలో ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే మేడ మీద చదరపు అడుగుకు సుమారు 90 లీటర్లు. మీ మేడ 12,000 చదరపు అడుగులైతే 10.8 లక్షల లీటర్లు పడతాయి, అందులో ఎనభై శాతం పట్టగలిగితే 72 ట్యాంకర్ల నీరు. వినడానికి గొప్పగా ఉన్నా, మీ ఇప్పటి వాడకంలో అది 14 రోజులకే సరి. వాడకం 27,000కు దిగితే అదే నీరు ఒక నెల దాటుతుంది. కాబట్టి ముందు కారిపోయే నీటిని ఆపి, తరువాత వాన పట్టండి. మేడనీటిని వడకట్టి సంపులోకి, ఆవరణలో పారే నీటిని ఇంకుడు బావిలోకి పంపాలి. మురుగూ, కార్ల కింది నూనే అందులో కలవకూడదు. మూడడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు ఉన్న బావిలో ఒక్కసారికి 4,000 లీటర్లు నిలుస్తాయి, నిలిచినది మట్టిలోకి ఇంకుతుంది. 2009లో చట్టం సవరించినప్పటి నుంచి ఇటువంటి ఏర్పాటు పెద్ద స్థలాల్లోని భవనాలకు తప్పనిసరి. నమూనాలు చూడాలంటే జయనగరలో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరుతో జలమండలి నడిపే వాననీటి ప్రదర్శన తోట ఉంది.

బావి తవ్వడానికి యంత్రాన్ని పిలవకండి, మన్ను వడ్డర్లను పిలవండి. తరతరాలుగా ఈ నగరానికి బావులు తవ్విన ఆ వృత్తివారి ఇంటి మాట తెలుగుకు చాలా దగ్గర. సర్జాపుర వైపు భోవిపాళ్యంలో వారి కుటుంబాలు ఉన్నాయి. కబ్బన్ పార్కులోని పాత బావులను పూడిక తీసి మళ్ళీ నీళ్ళు చూపించింది వారే. మట్టిని వేళ్ళతో నలిపి ఎంత లోతులో ఇసుకపొర తగులుతుందో చెప్పే మనిషితో మన భాషలోనే మాట్లాడవచ్చునని ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలియదు.

ప్రశ్న: పాత బోరు 900 అడుగులు. 1,500 అడుగులకు ఇంకొకటి వేద్దామని మా సంఘం అంటోంది. మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, హొరమావు, బెంగళూరు

జవాబు: వద్దు. ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి. నీరు పగుళ్ళలోనే ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గుతాయి. ఒకవేళ నీరు పడినా అది పక్కింటివారి బోరు తాగుతున్న నీరే కావచ్చు. ఆ పందెంలో అనంతపురం రైతులు ఎంత పోగొట్టుకున్నారో మీలో చాలామందికి ఇంటి అనుభవమే. అదే సీమలో ఇంకో సంగతీ జరిగింది. 2000ల దశకంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో, రైతులే తమ బావుల మట్టాన్నీ వాననూ కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత కావాలో లెక్క వేసుకునే పథకం నడిచింది. ఎవరికీ ఆంక్షలు పెట్టలేదు, లెక్క చూసిన రైతులు చాలాచోట్ల తమంతట తామే వరి తగ్గించుకున్నారు. బోరుకు పెట్టే డబ్బులో కొంత ఇంకుడు బావులకు పెట్టి, పాత బోరు మట్టం నెలకొకసారి కొలిపించండి.

ప్రశ్న: తడి చెత్తతో ఎరువు చేస్తే వాసన వస్తోందని అందరూ గోల చేస్తున్నారు.
– ఒక పాఠకురాలు, జె.పి. నగర, బెంగళూరు

జవాబు: తడి ఎక్కువైంది. ఒక పాలు చెత్తకు రెండు పాళ్ళు ఎండుటాకులు వేసి, వారానికి రెండుసార్లు తిరగవేయించండి. ఆకులను వీధిలో ఊడ్చేవారు తగలబెట్టేలోపే అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: ఈ నగరానికి భవిష్యత్తు లేదని నమ్ముతున్నాము. నాలుగు కుటుంబాలం కలిసి కోలారు వైపో, హిందూపురం వైపో రెండెకరాలు కొని, మా తిండి మేమే పండించుకుంటూ బతకాలనుకుంటున్నాము.
– ఒక విశ్రాంత ఉద్యోగి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ భయం ఉత్తది కాదు. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు అర కిలోమీటరు ఎత్తుకు కావేరిని తోడుకుంటున్న నగరం ఇది. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా తెచ్చే ఏర్పాటు అయినా, నదిలో నీరు తగ్గిన ఏడాది గొట్టం పెద్దదైతే ఏం లాభం? కానీ కోలారు వైపు వెళ్ళినా బెంగళూరును వదిలినట్టు కాదు. 2018 నుంచి అక్కడి చెరువులకు వెళుతున్నది ఈ నగరపు మురుగును శుద్ధి చేసిన నీరే. హిందూపురం వైపు కరువు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

భూమిని వానాకాలంలో చూసి మురిసిపోకుండా మే నెలలో వెళ్ళి చూడండి. చుట్టుపక్కల రైతులను మీ బోరు గురించి కాదు, వారి బోర్ల గురించి అడగండి. ఆ ఊరికి ఇప్పటికే ఒక చెరువూ, దాని వంతులూ, తగాదాలూ ఉంటాయి. నాలుగు ఇళ్ళవారు కంచె వేసుకుని కొత్త సముదాయం అంటే ఊరు నవ్వుతుంది, చెరువు పూడిక తీసేనాడు తట్ట పట్టుకుంటే పలకరిస్తుంది. అంతకన్నా ముందు, మీ నాలుగు కుటుంబాలూ ఇప్పుడే, మారతహళ్ళిలోనే, ఆరు నెలలపాటు ఒకే రైతు దగ్గర కూరగాయలు కలిసి కొని, లెక్క పంచుకుని చూడండి. వంకాయలు పుచ్చిన వారం ఆ నష్టం ఎవరు భరించారో రాసి పెట్టుకోండి. ఆ కాగితం తీసుకుని, భూమి పత్రాల మీద సంతకం చేసే ముందు నాకు మళ్ళీ రాయండి.