పంపు రైఫిల్‌లో గాలి ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. పాత బెంజమిన్ 392 పంపు ఎయిర్ రైఫిల్ కొన్నాను. ఎనిమిది పంపులు కొట్టినా దెబ్బలో పస లేదు. పన్నెండు కొట్టవచ్చా? వాల్వు స్ప్రింగు మార్చాలా?

జవాబు: రెండూ వద్దు. దానికి ఎనిమిదే గరిష్ఠం. అంతకు మించితే లోపలి ఒత్తిడే వాల్వును బిగించేస్తుంది. ట్రిగర్ నొక్కగానే వాల్వును కొట్టి తెరిచే ముక్క హ్యామర్; దాని దెబ్బకు వాల్వు సరిగా తెరుచుకోక కొంత గాలి లోపలే మిగులుతుంది. కావాలంటే ఇలా చూడండి: పెల్లెట్ (సీసపు గుండు) లేకుండా, బ్యారెల్‌ను భద్రమైన వైపు పెట్టి ఎనిమిది పంపులు కొట్టి పేల్చండి. మళ్ళీ పంపు కొట్టకుండా కాక్ చేసి (హ్యామర్‌ను వెనక్కి లాగి పెట్టి) ట్రిగర్ నొక్కండి. రెండోసారి 'టప్' మంటే గాలి మిగిలినట్టే. అప్పుడు ఒక్కో పంపు తగ్గించుకుంటూ రండి.

పాత రైఫిల్ కాబట్టి ముందు అనుమానించాల్సింది పిస్టన్ చివర గిన్నెలా ఉండే కప్పు వాషర్‌ని. పంపు స్టవ్వులో తోలు వాషర్ ఎండిపోతే గాలి పట్టదు, రెండు చుక్కల నూనె పడగానే లేచి కూర్చుంటుంది కదా, ఇక్కడా అంతే. పంపు కొట్టే లివర్ పూర్తిగా తెరిచి, గాడిలో కనిపించే పిస్టన్ కప్పు దగ్గర, దాని వెనక ఫెల్ట్ ఉంటే దాని మీద, డిటర్జెంట్ లేని 30 గ్రేడ్ నూనె రెండు చుక్కలు వేయండి. ఎయిర్‌గన్ల కోసమే అమ్మే నూనె దొరికితే మరీ మంచిది. కారు ఇంజన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వద్దు, సీళ్ళు పాడవుతాయి. లివర్ కీలుకి ఒక చుక్క చాలు.

తరవాత లక్షణాన్ని బట్టి పోవాలి. ఎన్ని కొట్టినా లివర్ బిగువెక్కకపోతే కప్పు అరిగింది. మూసిన లివర్ దానంతటదే పైకి లేస్తుంటే గాలి లోపలికెళ్ళే వాల్వు వెనక్కి వదులుతోంది. బ్యారెల్‌లోంచి సన్నగా 'స్‌స్' మంటుంటే బయటికి వదిలే వాల్వు కారుతోంది. ఐదు పంపులు కొట్టి, గంట ఆగి పేల్చితే ఇంకా బాగా తెలుస్తుంది. ఏదైనా సరే, విప్పే ముందు లోపలి గాలి ఖాళీ చేసి తీరాలి. సీల్ కిట్ దొరికినా, వాల్వు విప్పడం అలవాటు లేనివారు మెకానిక్‌కి ఇవ్వడమే మేలు.

సీళ్ళు బాగున్నా శక్తి రాకపోతే హెడ్‌స్పేస్ చూడాలి. లివర్ మూసినప్పుడు పిస్టన్ తలకీ వాల్వుకీ మధ్య మిగిలే సందు అది. చాలామంది పట్టించుకోరు గానీ అసలు లెక్క ఇక్కడే ఉంది. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 100 మిల్లీమీటర్లు అనుకుందాం. సందు 1 మిల్లీమీటరైతే గాలి సుమారు వంద రెట్లు నలుగుతుంది, 3 అయితే ముప్ఫై మూడు రెట్లే. అంటే చివరి పంపులు ఒట్టి వ్యాయామం. సర్దుకునే పిస్టన్ వేయించి, తల వాల్వుని మెత్తగా తాకీ తాకనట్టు పెట్టాలి. మరీ బిగిస్తే లివర్ పూర్తిగా మూసుకోదు, కీలు వంగుతుంది.

ఫలితాన్ని చెవితో కాదు, పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో చూడండి. 0.93 గ్రాముల పెల్లెట్ సెకనుకు 180 మీటర్లు పోతే దాని శక్తి 15 జౌళ్ళు. దాచేటప్పుడు పెల్లెట్ లేకుండా ఒక పంపు గాలి ఉంచితే వాల్వులు మూసుకునే ఉంటాయి. కానీ దాన్ని నిండు తుపాకీగానే చూడాలి.

ప్రశ్న: గుంటూరులో నా దగ్గర బ్యారెల్ విరిచి కాక్ చేసే 0.177 అంగుళాల బోరు గన్ ఉంది. నేనూ ఈ నూనె వేయొచ్చా?

జవాబు: మీది స్ప్రింగ్ గన్. సిలిండర్‌లోకి ఈ నూనె పోతే పిస్టన్ ఒత్తిడికి అంటుకుని పెద్ద చప్పుడుతో పేలుతుంది, సీలూ స్ప్రింగూ దెబ్బతింటాయి. గట్టి స్ప్రింగు జోలికీ పోకండి. 20 జౌళ్ళు దాటితే మన దేశంలో లైసెన్సు కావాలి. పెల్లెట్ రకం మార్చి చూడండి, బ్యారెల్ మూసేచోట ఉండే ఓ-రింగ్ పగిలిందేమో గమనించండి. ఆ రింగు మీద పలచటి టిష్యూ ముక్క పెట్టి పేల్చితే, ముక్క ఎగిరిందంటే గాలి పోయేది అక్కడే.