తడి చెత్త వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తుంటే మునిసిపాలిటీని ఎట్లా అడగాలి?

మీ అపార్ట్‌మెంట్‌లో 40 ఇళ్ళవాళ్ళు తడి, పొడి వేరుచేసి ఇస్తున్నా వీధి మలుపు తిరిగేసరికి రెండూ ఒకే బండిలో కలిసిపోతున్నాయని రాశారు. చట్టం మాకేనా, మునిసిపాలిటీకి లేదా అని అడిగారు. మనకంటే వాళ్ళ మీదే ఎక్కువ బాధ్యత ఉంది. నాదీ చిత్తూరు జిల్లాలోని చిన్న మునిసిపాలిటీయే. ఊరి పేరు రాయను. ఈ పని మీద మూడేళ్ళు తిరిగాను కాబట్టి, చూసింది చెబుతాను.

ముందుగా ఒక మాట. బండి దగ్గరికి వచ్చే కార్మికులతో గొడవ పెట్టుకోవద్దు. నేను పెట్టుకున్నాను, అది తప్పు. ఒకరోజు బండి దగ్గరున్న కార్మికురాలితో గట్టిగా మాట్లాడితే ఆమె బకెట్ కింద పెట్టి, "సార్, యార్డులో అంతా ఒక్కచోటే పొయ్యమంటారు. దావలో నేను వేరుగా పెట్టుకోని ఏం చేసేది?" అంది. ఆరు నెలలుగా నాకు తట్టని సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పింది. చివర తడి చెత్తకు చోటు లేకపోతే మధ్యలో ఎవరు వేరుచేసినా నిలబడదు.

ఆ ఆదివారమే మునిసిపాలిటీ చెత్త యార్డుకు పోయాను. రేకుల షెడ్డు ఉంది, ఎరువు తయారీ కేంద్రమని బోర్డు ఉంది. సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి, వాటిలో పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. ఒక మూల నల్లటి కుప్ప కనిపించింది. అదే ఎరువు అన్నారు. పిడికెడు తీసి అరచేతిలో విడదీసి చూశాను. బంతిపూల దండల నైలాన్ దారం చిక్కులు చిక్కులుగా వచ్చింది. షాంపూ ప్యాకెట్ల మూలలు, కొబ్బరి పీచు, గాజు పెంకు ఒకటి. దాన్ని ఏ రైతు తన మడిలో వేసుకుంటాడు? తన ఆలయాల్లో వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి అగరుబత్తీలు చేయిస్తోంది. మా ఊరి గుడి పూలేమో దారంతో సహా ఈ కుప్పలోకి వస్తున్నాయి. ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

ఇక చట్టం సంగతి. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం తడి చెత్తను వేరుగా సేకరించడం, ఎరువుగానో గ్యాస్‌గానో మార్చడం స్థానిక సంస్థ విధిగా ఉండేది. ఏటా జూన్ 30 లోపు ఫారం-4లో వార్షిక నివేదిక పంపాల్సి ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. తడి, పొడితో పాటు శానిటరీ చెత్త, ప్రత్యేకంగా చూడాల్సిన చెత్త (బల్బులు, మందులు లాంటివి) అని ఇప్పుడు నాలుగు రకాలు. మునిసిపాలిటీ బాధ్యత మాత్రం తగ్గలేదు. చెత్త పన్ను ఎత్తేశారు కదా, ఇంకేం అడుగుతారని మా వీధిలోనే కొందరన్నారు. పన్నుకూ ఈ విధికీ సంబంధం లేదు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది సమాచార హక్కు చట్టం. దరఖాస్తులో "చెత్త ఎందుకు కలుపుతున్నారు" అని రాయకండి. దానికి "కలపడం లేదు" అని ఒక వాక్యం వస్తుంది, అంతే. నేను మూడే అడిగాను. పోయిన సంవత్సరం ఫారం-4 నకలు. యార్డుకు రోజూ వచ్చిన తడి చెత్త లెక్క. యార్డు నుంచి నెలనెలా బయటికి పోయిన ఎరువు లెక్క, ఎవరికిచ్చారో ఆ వివరంతో. మూడోది మాత్రం మరిచిపోవద్దు. లోపలికి వచ్చిన లెక్క ఎవరైనా కుర్చీలో కూర్చుని రాసేయొచ్చు. బయటికి పోయిన ఎరువుకు తీసుకున్నవాడు ఒకడుండాలి, సంతకం ఉండాలి.

జవాబు 30 రోజుల్లో రావాలి. రాలేదు. మొదటి అప్పీలు వేశాక వచ్చింది. వచ్చిన తడి చెత్త లెక్కలో రోజూ ఒకటే అంకె. ఆదివారమూ అదే, ఉగాది మరుసటి రోజూ అదే. ఎరువు గడి నెలల తరబడి ఖాళీ. మా పెరట్లో నేనే తూచి చూశాను, 100 కిలోల కూరగాయల చెత్త మాగితే ఎరువు 20 కిలోలకు అటూ ఇటూ వస్తుంది. అంత చెత్త నిజంగా తొట్లలోకి పోయి ఉంటే ఆ గడి ఖాళీగా ఉండే వీలే లేదు. ఈ సమాచార హక్కు చట్టంలోనే సెక్షన్ 2(జె) కింద పనిని కళ్ళారా తనిఖీ చేసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు.

ఆ కాగితాలు పట్టుకుని సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కు పోయాను. అర్జీ ఒక్క పేజీ. దాంట్లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) మాట కూడా రాశాను: 2020 ఏప్రిల్ నుంచి నిబంధనలు పాటించని చిన్న స్థానిక సంస్థలకు నెలకు లక్ష రూపాయల పర్యావరణ పరిహారం పడుతుందని. కోపం మాటలు ఒక్కటీ రాయలేదు. రెండు వారాలకు మునిసిపాలిటీ నుంచి ఫోన్ వచ్చింది, "రండి సార్, మాట్లాడుకుందాం" అని.

అక్కడ నేను ఊరంతా ఒకేసారి మార్చమని అడగలేదు. రైతుబజారు, హోటళ్ళు, గుడి, ఈ మూడింటికి ఒక బండి విడిగా పెట్టమన్నాను. ఎక్కువ తడి చెత్త పుట్టేది అక్కడే, వేరుచేయడం సులువు కూడా అక్కడే. పెట్టారు. గుడి దగ్గర దండల దారం కోసి పూలు మాత్రమే ఇవ్వడానికి పూజారి గారే మనుషులను కుదిర్చారు. తొట్లలో రెండింటిని శుభ్రం చేసి మొదలుపెట్టారు.

మామిడి సీజన్లో మళ్ళీ దెబ్బ తిన్నాం. ఒక చిన్న గుజ్జు యూనిట్ నుంచి తోతాపురి తొక్కలు, టెంకలు ట్రాక్టర్లతో తెచ్చి ఆ తొట్లలోనే పోశారు. నాలుగు రోజుల్లో పుల్లటి కంపు, ఈగలు, కిందినుంచి కారే నీళ్ళు. పక్క కాలనీవాళ్ళు యార్డే మూసేయమన్నారు, వాళ్ళను తప్పుపట్టలేం. రోజుకు 100 కిలోలు దాటి చెత్త పుట్టించేవాళ్ళు తమ తడి చెత్త తామే చూసుకోవాలని నిబంధనల్లో ఉంది. అది చూపించాక ఆ ట్రాక్టర్లు ఆగాయి. తొట్లకు బెల్లం గానుగల నుంచి చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు తెప్పించి పొరలుపొరలుగా వేసి తిరగేయించాం. పదిరోజులకు కంపు తగ్గింది. కుప్పలో ఇనుపచువ్వ గుచ్చి కాసేపటికి తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. అంత వేడి ఉంటే లోపల పని జరుగుతున్నట్టే.

ఇళ్ళ చెత్త మా ఊళ్ళో ఇంకా పూర్తిగా వేరుగా పోవడం లేదు. ఆరు వార్డుల్లో పోతోంది, మిగతావాటికి బండ్లు చాలడం లేదంటున్నారు, ఆ లెక్కా అడిగి ఉన్నాను.

మీ 40 ఇళ్ళ విషయానికొస్తే, ఇంటికి అరకిలో వేసుకున్నా రోజుకు 20 కిలోల తడి చెత్త. మీ కాంపౌండ్‌లోనే రెండు తొట్లు కట్టుకుంటే సరిపోతుంది, తొట్లలో పొరలుగా వేయడానికి ఎండాకులు మాత్రం తగలబెట్టకుండా దాచుకోండి. దరఖాస్తు ఆపొద్దు. మునిసిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరున రాసి, రూ. 10 కోర్టు ఫీజు స్టాంపు అంటించి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త. రికార్డుల తనిఖీకి పిలిస్తే మొదటి గంటకు రుసుము లేదు. ఒక్కరే పోకండి, మీ అపార్ట్‌మెంట్‌లో లెక్కలు తెలిసిన ఒకరిని వెంట పెట్టుకుని, ముందు ఎరువు రిజిస్టరు తెరవమనండి.