ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు వడ్రంగి పనిముట్లను కుడిచేత్తో అలవాటు చేసుకోవాలా?

చిన్నప్పటి నుంచి మీది ఎడమచేతి వాటమని, ఇప్పుడు ఇంట్లో చెక్కపని మొదలుపెట్టాలని ఉందని రాశారు. ఉలి, రంపం, చిత్రికలను కుడిచేతికి అలవాటు చేసుకోవాలా, లేక ఎడమచేతికి వేరే సెట్టు కొనాలా అని అడిగారు. రెండూ వద్దు. నాదీ అదే వాటం. మా మదనపల్లె వైపు రొడ్డచెయ్యి అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆరేళ్లుగా శని, ఆదివారాల్లో ఈ పని చేస్తున్నాను.

మొదట్లో నేనూ చెయ్యి మార్చుకోవాలనే చూశాను. నేను చేరిన వారాంతపు క్లాసులో బల్లలన్నీ కుడిచేతివాళ్లకు తగ్గట్టే ఉండేవి. "ఎలాగూ కొత్తగా నేర్చుకుంటున్నారు, కుడిచేత్తోనే మొదలుపెట్టండి" అన్నారు. సరే అనుకున్నాను. నాలుగో నెలలో ఉలి జారి ఎడమ చూపుడువేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఉలి వెళ్లే దారిలో చెయ్యి పెట్టడం నా తప్పే. కానీ ఉలిని నెట్టే చేతికి ఎంత బలం పెట్టాలో, ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. నా కుడిచేతికి నెట్టడం వచ్చింది గానీ ఆపడం రాలేదు. చేతులు మార్చుకోమని మీకు ఎవరు చెప్పినా, దయచేసి వినకండి.

నాకు దారి చూపించింది కేఆర్ పురం దగ్గర చిన్న షెడ్డులో గుమ్మాలు, తలుపులు చేసే ఒక పెద్దాయన. మా ఊరివైపు నుంచే వచ్చిన ఆచారి గారు. ఆయనకు బల్ల లేదు. నేలమీద కూర్చుని, ఎడమ మడమతో చెక్కను తొక్కిపెట్టి, కుడిచేత్తో రంపం లాగిస్తారు. నేను అలాగే కూర్చుని కుడిచేత్తో కోస్తుంటే కాసేపు చూశారు. తర్వాత రంపం తీసి నా ఎడమచేతిలో పెట్టి, నా కుడి మడమను చెక్కమీదికి జరిపారు. "చెయ్యెందుకు మారుస్తావు నాయనా, కాలు మార్చు" అన్నారు. ఆ రోజు మొదటిసారి నా రంపం గీతమీద నిలబడింది.

అప్పుడు అర్థమైంది, నేలకు కుడి ఎడమలు లేవు, బల్లకే ఉన్నాయి. కుడిచేతివాళ్లు చిత్రికను కుడి నుంచి ఎడమకు తోస్తారు కాబట్టి చెక్క జరగకుండా ఆపే అడ్డు ఎడమ కొసన ఉంటుంది, చెక్కను బిగించి పట్టుకునే వైస్ కూడా అటే బిగిస్తారు. మనం తోసేది ఎడమ నుంచి కుడికి. అడ్డు కుడి కొసన ఉండాలి, వైస్ కూడా అటే ఉంటే మేలు. బల్ల మీరే చేసుకుంటే ఇవి మార్చడానికి పైసా ఖర్చు ఉండదు. ఉన్న బల్లే వాడాలంటే కుడి కొసన ఒక చెక్కపట్టీని క్లాంపులతో బిగించండి చాలు. తోసే దిశ మారినా నార దిశ చెక్కలోనే ఉంటుంది. పొర రేగుతుంటే చెక్కను అటుది ఇటు తిప్పి పెట్టుకోవాలి.

ఇక పనిముట్లు. మామూలు ఉలికి, దాన్ని కొట్టే చెక్క సుత్తికి, ఇనుప చిత్రికకు చేతి తేడా లేదు. బాడిసకు పదును పిడికి అడ్డంగా ఉంటుంది కాబట్టి దానికీ లేదు. ఒక పక్కే పదును ఉన్న చెక్కుడు గొడ్డలికి ఉంటుంది. అంచున మెట్టు తీసే చిత్రికల్లో చాలావాటికి చెక్క అంచుకు ఆని నడిచే గైడు ఎడమవైపే ఉంటుంది. స్టాన్లీ కంపెనీ 78 నంబరు చిత్రికలో మాత్రం ఆ గైడు కడ్డీని ఏ పక్కనైనా బిగించుకోవచ్చు. అయితే నార కోసే చిన్న పన్ను కుడి పక్కనే ఉంటుంది, గైడు అటు మారిస్తే అది పనికిరాదు, కాబట్టి నారకు అడ్డంగా తీసేటప్పుడు ముందు కత్తితో గీత లోతుగా కోసుకోవాలి.

నన్ను ఎక్కువగా ఏడిపించింది గీతలు గీసే కత్తి. ఒక పక్కే పదును ఉన్న కత్తిలో చదునైన వైపు మూలమట్టానికి ఆనాలి. కుడిచేతివాళ్ల కత్తి మనం పట్టుకుంటే ఏటవాలు వైపు మట్టానికి తగిలి, కత్తి పక్కకు జారుతుంది. ఎన్నిసార్లు గీసినా కొలత వెంట్రుకవాసి తేడా వస్తుంటే నా చెయ్యి స్థిరంగా లేదేమో అని చాలా రోజులు బాధపడ్డాను. చివరికి విరిగిన హాక్సా బ్లేడు ముక్కను ఎడమచేతికి తగ్గట్టు సానరాయిమీద నూరుకున్నాను. గంట పట్టింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఇంకో విషయం, ఏ కన్ను బలమైందో చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న దీపాన్ని బొటనవేలితో కప్పండి, తర్వాత ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు దీపంమీదే ఉంటుందో అదే బలమైన కన్ను. నాకు చెయ్యి ఎడమ, కన్ను కుడి. అందుకే రంపం ఎప్పుడూ ఒక పక్కకు వాలేది. తల కొంచెం ఎడమకు జరిపి కుడికన్ను రంపం పైకి వచ్చేలా నిలబడటం నేర్చుకున్నాక కోత నిటారుగా వస్తోంది.

మరలు బిగించేటప్పుడు మనకు నిజంగానే కష్టం ఎక్కువ. మర బిగించాలంటే కుడివైపు తిప్పాలి. అరచేతిని పైకి తిప్పే కదలికకు బలం ఎక్కువ, కుడిచేతివాళ్లకు ఆ బలం బిగించేటప్పుడు పనికొస్తుంది, మనకు విప్పేటప్పుడు. కాబట్టి బెజ్జం ముందే సరైన కొలతకు వేసుకుని, మరకు కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు వద్దు, తేమ పట్టి మర తుప్పెక్కుతుంది.

బెంగళూరులోనే ఉంటే ఆదివారం పొద్దున్నే బీవీకే అయ్యంగార్ రోడ్డు సండే బజార్‌కు వెళ్లి చూడండి. పాత రంపాలు దొరికితే బేరానికి ముందు ఎడమచేత్తో పట్టుకుని నాలుగుసార్లు ఆడించండి. కొన్ని పిడులు కుడి అరచేతికి తగ్గట్టు అరిగి ఉంటాయి, అంచు మన బొటనవేలి కింద గుచ్చుకుంటుంది. రంపం పళ్లు బాగుంటే అంతమాత్రానికి వదలకండి. ఆకురాయితో ఆ అంచును గుండ్రంగా రుద్దుకుంటే పది నిమిషాల్లో మీ చేతికి అమరుతుంది.