దిబ్బ ఎరువు తోలాక డీఏపీ వేయాలా?

సందేహం: కళ్యాణదుర్గం దగ్గర మాకు నాలుగెకరాల ఎర్రనేల. వానల మీదే ఏటా శెనక్కాయ వేస్తాం. ఈసారి రెండెకరాల్లో గొర్రెల మంద కట్టించాను. మిగతా రెండెకరాలకు ఎకరాకు రెండు ట్రాక్టర్ల దిబ్బ ఎరువు తోలాను. ఇంక డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే రసాయన ఎరువు) దండగ అంటాడు మా బావమరిది. బస్తా పడాల్సిందే అంటాడు ఎరువుల అంగడాయన. ఏం చేయమంటారు?

జవాబు: డీఏపీ వద్దన్నంత వరకు మీ బావమరిది మాట సరే. కానీ భాస్వరం మాత్రం కావాలి.

వర్షాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ సిఫారసు. మాగిన పశువుల ఎరువు టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. మీ రెండు ట్రాక్టర్లు నాలుగు టన్నులనుకుంటే పొటాష్ తీరింది. నత్రజనిలో మూడో వంతే ఈ పంటకు అందినా ఫర్వాలేదు, గాలిలోని నత్రజనిని పట్టిచ్చే వేర్ల బుడిపెలున్నాయి కదా. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుందే గాని కాయ కాదు. తగ్గేది భాస్వరమే, సగానికి సగం. అందుకు ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఆఖరి దుక్కిలో వేయండి. అందులో కాల్షియం, గంధకం కూడా ఉంటాయి. డీఏపీలో ఆ రెండూ లేవు.

ఎంత దిబ్బ ఎరువు తోలినా కాల్షియమిచ్చే జిప్సం మానొద్దు. ఊడ (పూత నుంచి దిగి కాయయ్యే కాడ) భూమిలో దిగాక కాయకు కావలసిన కాల్షియాన్ని వేరు అందించదు, కాయే చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకుంటుంది. తొలిపూతలో కలుపు తీసేటప్పుడు ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర చల్లి మట్టి ఎగదోయండి. లేకుంటే గింజ నిండని తప్పకాయలే మిగులుతాయి.

దిబ్బ ఎరువును చేత్తో పిడికిలి పట్టి చూడండి. పేడ వాసన కొడుతూ గడ్డలుగా ఉంటే ఇంకా మాగలేదు. పచ్చి పేడతో వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. మంద కట్టిన చోట అసలు బలం గొర్రెల మూత్రంలో ఉంది. ఎండకు ఆవిరైపోకముందే, మంద లేచిన రోజే గుంటక తోలాల్సింది. తోలకుంటే ఇప్పుడైనా తోలండి. అక్కడ కూడా సూపర్ బస్తా వేయండి, యూరియా అక్కర్లేదు.

ఇంకొకటి. అనంతపురం ఎర్రనేలల్లోనే 1985 నుంచి ఇరవై ఏళ్లు నడిచిన ప్రయోగంలో సగం రసాయన ఎరువులకు తోడు హెక్టారుకు 4 టన్నుల శెనక్కాయ పొట్టు వేసిన మళ్లలో నేలకు సత్తువనిచ్చే సేంద్రియ కర్బనం బాగా నిలిచింది. మనం ఆ పొట్టును ఇటుక బట్టీలకు అమ్ముకుంటున్నాం! ఈసారి కాయ ఒలిచాక కొంత ఆపుకుని పేడతో కలిపి గుంతలో మాగబెట్టండి. కుళ్లు తెగులు వచ్చిన చేని పొట్టయితే మాత్రం వాడొద్దు.